మిషన్ కంటికి బొట్టు

జడ్చర్ల దగ్గర మందుల సీసాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో అమ్మా నేనూ కలిసి పనిచేసేవాళ్లం. నేను మిషన్ల దగ్గర, అమ్మ పెట్టెలు ఎత్తే దగ్గర. ఎత్తి ఎత్తి ఆమె నడుము పడిపోయింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఫ్యాక్టరీ యజమాని సేటు ట్రయల్ కోసం రోబో చెయ్యి తెప్పిస్తున్నాడని తెలిసి ఎగిరి గంతేసింది నేనే. అది పనిచేస్తే అమ్మను లేబుళ్లు అంటించే బల్ల దగ్గర కూర్చోబెడతానని ఆయన మాటిచ్చాడు.

వచ్చిన రోబో చూడటానికి పెద్ద గొప్పగా ఏమీ ఉండదు. నిలువుగా ఒక స్తంభం, దానికి అడ్డంగా ఒక చెయ్యి. ఆ చెయ్యి స్తంభం చుట్టూ తిరుగుతుంది, పైకీ కిందికీ జరుగుతుంది, ముందుకు సాగుతుంది. నడుము వంచే పనే లేదు. చివర గాజు కన్ను ఒకటి. పెట్టె ఎక్కడుందో దానితోనే చూస్తుంది. ఆ కన్ను జోలికి పోవద్దని అందరికీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

ఆయుధపూజ నాడు ట్రయల్. నేను చేతులు కడుక్కొచ్చేలోగా అమ్మ దానికి బంతిపూల దండ వేసి, నిమ్మకాయ కట్టి, సరిగ్గా ఆ కంటి మీదే కుంకుమ బొట్టు పెట్టింది. నూనెలో కలిపి మరీ! మీట నొక్కితే ఎర్ర లైటు వెలిగింది, చెయ్యి కదల్లేదు.

గుడ్డ తీసుకున్నాను. అమ్మ అడ్డం వచ్చింది.

"పండుగపూట బొట్టు తుడుస్తవారా? బుద్ధున్నదా నీకు?"

"గది మొఖం కాదమ్మా, కన్ను! కంట్ల కుంకుమ కొడితే నీకైనా కనవడ్తదా?"

"ఏదైతేంది, పెట్టిన బొట్టు చెరపొద్దు. రేపు తుడువు."

సేటు వైపు చూశాను. ఆయన అప్పటికే చెప్పులు విప్పి మిషన్‌కు దండం పెడుతున్నాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇంతలో సరుకు కోసం లారీ వచ్చింది. అమ్మ కొంగు నడుముకు బిగించింది. ఎత్తొద్దని అరిచాను. పండుగపూట పని ఆగొద్దట. తిట్టుకుంటూ నేనూ మోశాను. పెట్టెలన్నీ ఎక్కాక సేటు నవ్వుతూ అన్నాడు: "మీ అమ్మ గింత మంచిగ ఎత్తంగ గా మిషన్ మనకెందుకురా? వాపస్ పంపుదాం."

అమ్మ గోడ పట్టుకుని మెల్లగా కూలబడింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా తెచ్చుకున్నాను.

పండుగ వెళ్లాక మిషన్‌ను లారీ ఎక్కిస్తుంటే అమ్మ కుంకుమ భరిణె పట్టుకొచ్చింది.

"మళ్లీ ఏందమ్మా?"

"ఇంటికొచ్చిన ఆడిబిడ్డను ఒట్టిగ పంపుతరా?"

స్తంభానికి బొట్టు పెట్టింది, ఈసారి కంటికి బాగా దూరంగా. తర్వాత నడుము మీద చెయ్యేసుకుని పెట్టెలు ఎత్తడానికి లోపలికి పోయింది.