తోక విప్పి చూసిన రోజు

కరోనా తర్వాత కాలేజీలు తెరిచిన ఏడాది నేను నారాయణగూడలోని ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఏరోమోడలింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. కాంట్రాక్టు పోస్టు. ఏటా ప్రిన్సిపాల్ సంతకంతో పొడిగించేవారు.

ఆ ఏడాది వార్షికోత్సవానికి కాలేజీ మైదానంలోనే మోడల్ విమానం ఎగరవేయాలని నిర్ణయించారు. మేము మామూలుగా ఎగరవేసేది ఊరి బయట ఖాళీ జాగాలో. ఇక్కడ ప్రహరీని ఆనుకొని ఇళ్లు, డాబాల మీద జనం. చూడటానికి చిక్కడపల్లి బడుల పిల్లలను పిలిచారు.

విమానం కట్టే పని నాది. తోకలో అడ్డంగా ఉండే భాగం ముక్కు ఎగిసిపడకుండా చూస్తుంది, నిలువుగా ఉండేది పక్కకు తిరిగిపోకుండా ఆపుతుంది. బాల్సా చాలా తేలికైన చెక్క. దాని పుల్లలను నక్షా మీద గుండుసూదులతో నిలిపి, జిగురుతో అతికించి, పైన పల్చటి రంగు ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి చిన్న ఇస్త్రీపెట్టెతో బిగిస్తాం. చుట్టాక లోపలిది కనిపించదు.

ఉత్సవం రోజు పొద్దున ట్రయల్ వేశాం. రిమోట్ పట్టుకున్నది వర్క్‌షాప్ అసిస్టెంట్ యాదగిరి. విమానం మా తలల మీదుగా పోతుంటే మోటారు మోతలో మరో చప్పుడు కలిసింది, గాలికి కాగితం కొట్టుకుంటున్నట్టు. తోక సన్నగా వణికింది. యాదగిరి వేగం తగ్గించి ఎలాగో దింపాడు.

"రిమోట్‌ల ఏం తేడా తెల్వలే మేడం. చప్పుడైతే ఇన్న. జర భయమైంది," అన్నాడు.

తోకను వేళ్లతో వంచి చూశాను. పగులేమీ తగల్లేదు. ప్రిన్సిపాల్ గారు వచ్చి, "మంచిగనే దిగింది కద మేడం, ఇంక పరేషాన్ ఏంది?" అన్నారు. అతిథులు బయల్దేరారని చెప్పి, నా కాంట్రాక్టు సంగతి ఇంకా తేలలేదని కూడా నెమ్మదిగా అన్నారు.

విప్పి చూడాలంటే ఫిల్మ్ కోయాలి. కోస్తే ఆ రోజు ఎగరదు. అప్పటికే పిల్లలను తెచ్చి కూర్చోబెడుతున్నారు. ముందు వరుసలో వాళ్లు తలలెత్తి విమానం ఎటు నుంచి వస్తుందా అని వెతుకుతున్నారు. తోక విరిగితే విమానం పడేది వాళ్ల మీదే. బ్లేడు తీసి కోసేశాను.

లోపల అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి. అప్పుడు ఇంకో రకం భయం పట్టుకుంది. ప్రిన్సిపాల్ గారికి చూపడానికి ఒక్క పగులు కూడా లేదు. ప్రదర్శన రద్దయింది. అశోక్‌నగర్‌లోని ఇంటికి నడుస్తూ, ఉద్యోగం పోయినట్టేనని అనుకున్నాను.

తర్వాత, చెక్కే మెత్తగా ఉండి వణికిందేమోనని, గట్టి చెక్క ఏరి, మధ్యలో ఏటవాలు పుల్లలు వేసి కొత్త తోక కట్టాను. ఊరి బయట ఎగరవేస్తే ఆ చప్పుడు రాలేదు. నా కాంట్రాక్టు పొడిగించారు గానీ, ప్రిన్సిపాల్ గారు చాలా రోజులు నాతో ముభావంగానే ఉన్నారు. మొదటి తోక విరిగేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. విమానాన్ని ఆపిన మనిషికి, ఆపడం సరైనదేనని రుజువు దొరకదు. అది లేకుండానే ఆపాల్సి ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది.