దిక్కులేనిదాన్నని నేను చెప్పలేదు

కరువు కాలంలో ఆళ్లగడ్డ దగ్గరి మా చేనిలో బావి తవ్వడానికి నా భర్త సర్కారు దగ్గర తక్కావి అప్పు తెచ్చాడు సహోదరులారా, బావిలో రాయి తగిలింది గాని నీళ్లు తగల్లేదు, ఆ దిగులుతోనే జ్వరం పట్టి ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు, నాకు ఇద్దరు ఆడపిల్లలూ ఆ చేనూ ఆ అప్పూ మిగిలాయి! అప్పు కట్టకపోతే చేను వేలం వేస్తామని ఊళ్లో తప్పెట కొట్టించారు.

"తాసిల్దారు కాళ్ల మీద పడి దిక్కులేనిదాన్నని ఏడువు పాపా, మాఫీ చేస్తాడు," అంది మా చిన్నత్త.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. చేనిగట్టున మోకరించి ప్రార్థించాను: "ప్రభువా, నువ్వుండగా దిక్కులేనిదాన్నని ఎట్ల చెప్పేది? అది అబద్ధం. నాకు మాఫీ వద్దు, పని చూపించు!"

ఎండాకాలంలో కాలువ పూడిక తీయడానికి ఇంటికొకరు కూలి లేకుండా పోవడం మా ఊరి ఆచారం. అక్కడికి వచ్చిన తాసిల్దారును, మాఫీ కాదు పని కావాలని నిలబడే అడిగాను. మా ఇంటి వంతు పోను ఎక్కువ తవ్విన మట్టిని అప్పులో జమ చేయిస్తానని ఆయన ఒప్పుకున్నాడు, ప్రభువుకు స్తోత్రం! అయితే కొలత వేసే మేస్త్రీ ఒప్పుకోలేదు.

"ఆడదాని పని సగమే. సగమే రాస్తా."

"యాడుందప్పా సగం? గుంతలోకి దిగి చూపీ!"

"నోరు శానా పొడుగుందే నీకు!"

"నోరెందుకు, నా దిమ్మె పొడుగు చూడు. మగోడు తవ్వినాడో ఆడది తవ్విందో దానికి తెలుస్తాదా?"

గుంత మధ్యలో కాస్త మట్టిని తవ్వకుండా దిమ్మెగా వదులుతారు, దాని ఎత్తు చూసే లోతు లెక్కకడతారు. పక్క గుంతల్లోని మగవాళ్లు నవ్వుతూ పారలు ఆపారు. "కొల్చు మేస్త్రీ, మేమూ చూస్తాం!" అన్నాడొకాయన. మేస్త్రీ కొలకర్ర దించాడు. నా దిమ్మె వాళ్ల దిమ్మెల కంటే ఎత్తుగా నిలబడి ఉంది! ఆ రోజు నుంచి నా మట్టిని పూర్తిగా రాశాడు, దేవునికే మహిమ!

చేతులు బొబ్బలెక్కి పగిలాయి, అయినా వానలు రాకముందే అప్పు తీరింది, చేను మిగిలింది. రసీదుకు వేలిముద్ర వేయించుకున్నారు. ఇదే ఆఖరి వేలిముద్ర అని అక్కడే అన్నాను. తర్వాత నంద్యాల సంఘంలో, తల నెరిసిన వయసులో, పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. ఈ సాక్ష్యం ఎవరిచేతా రాయించలేదు, నేనే రాశాను!

సహోదరీలారా, మీ ఇంటి ముందు కూడా తప్పెట మోగిందా? ఏడుపొస్తే ఏడవండి గాని, దిక్కులేనిదాన్నని మాత్రం అనకండి. ఆయన్ను నమ్మి, పార పట్టుకుని దిగండి. ఆ గుంతలో మీకంటే ముందే ఆయన దిగి ఉంటాడు!