చప్పుడు పోవడానికి రెండు ట్రాక్టర్ బ్యాటరీలు

పోయిన మా ఆవిడ గొంతు నా దగ్గర ఒక్క క్యాసెట్‌లోనే ఉంది. ఆమె పాట వెనుక ఎప్పుడూ గుయ్యిమనే చప్పుడు. తప్పంతా మా వనపర్తి కరెంటుదేనని తేల్చి, ఆంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి, ఈ రోజు దాన్ని రెండు ట్రాక్టర్ బ్యాటరీలతో నడిపాను. చప్పుడు అలాగే ఉంది.

బ్యాటరీలు తెచ్చిన ఖాజా భాయ్ జరసేపు విని అడిగాడు.

"ఇంకో క్యాసెట్ ఏసి చూసిన్రా సార్?"

చూడలేదు. ఇప్పుడు వేశాను. చప్పుడు లేదు.

"గా చప్పుడు క్యాసెట్లనే ఉంది సార్. మేడం ఫ్యాన్ కింద కూసొని పాడినట్టుంది. గింత సదువుకొని గిదేంది?"

నిజమే. పాడేముందు ఫ్యాన్ ఆపమని ఆమె అన్నది. ఉక్కపోస్తోందని ఆపనివ్వనిది నేనే.

బ్యాటరీలు తిరిగి పంపేశాను. ఫ్యాన్‌తో సహా పాట మళ్లీ విన్నాను.

ఇంతకన్నా తెలివితక్కువ పని చేసినవారుంటే చెప్పండి. నాకు తోడు కావాలి.