ఎవరికీ చెప్పకు

అమెరికాలో మేముండే ట్రాయ్‌లో, తలా ఒక వంటకం తెచ్చుకునే మా తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో పిల్లల చదువులు తప్ప వేరే మాట ఉండేది కాదు. అయినా ఎవరి పిల్ల ఏ కాలేజీకి అప్లై చేసిందో ఒక్కరూ బయటపెట్టేవారు కాదు. మేమూ అంతే. సీటు రాకపోతే నవ్వుతారు, వస్తే దిష్టి తగులుతుంది. అందుకే మా అమ్మాయికి కాలేజీ సీటు కోసం రాసే ఎస్‌ఏటీ పరీక్ష కోచింగ్‌తో పాటు ఇది కూడా నూరిపోశాను. మార్కులు తగ్గితే ఎవరికీ చెప్పకు. వెయిట్‌లిస్ట్‌లో పెట్టినా చెప్పకు.

మంచి కాలేజీలోనే సీటొచ్చింది. అప్పుడు మాత్రం నేనే ఊరంతా చెప్పుకు తిరిగాను.

రెండో ఏడు మార్చిలో తన రూమ్మేట్ ఫోన్ చేసింది. మా అమ్మాయి క్లాసులకి వెళ్ళడం మానేసి రెండు నెలలైందట, గదిలోంచి బయటికే రావడం లేదట. నేనెప్పుడు ఫోన్ చేసినా "ఫైన్ డాడీ" అనేది.

నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాను. చిక్కిపోయి, తన ఒంటిమీద బట్టలు వేలాడుతున్నాయి. ఏడుపొచ్చింది, కానీ నాకు చేతనైంది కసరడమే. "ఒక్కరికైనా చెప్పొచ్చు కదే!"

తను ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే కదా డాడీ చెప్పొద్దన్నావు."

సామాను కార్‌లో వేసుకుని ఇంటికి బయల్దేరాం. మా వీధి మలుపులో, పాట్‌లక్‌లకి వచ్చే ఒకావిడ వాకింగ్ చేస్తూ చెయ్యి ఊపింది. నేనూ నవ్వుతూ చెయ్యి ఊపాను. నా నోరు పడిపోను, ఆ నవ్వు చెరగకుండానే అన్నాను, "ఎవరైనా అడిగితే స్ప్రింగ్ బ్రేక్ సెలవులని చెప్పు."

"సరే డాడీ," అంది.