పెదనాన్న కుట్టిన కొక్కెం

నా చిన్నప్పుడు మేము దుబాయ్‌లో, కరామాలో ఉండేవాళ్ళం. ఎండ తప్ప మరో కాలం పెద్దగా తెలియని ఆ ఊళ్ళో ఒక మాల్ లోపల మంచుకొండ కట్టారు. నేను ఐదో తరగతిలో ఉండగా మా బడివాళ్ళు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. కొండ వాలు వెంబడి ఒక తాడు ఆగకుండా పైకి కదులుతూ ఉంటుంది. దానికి వరసగా ప్లాస్టిక్ పిడులు ఉంటాయి. కాళ్ళకు స్కీ పలకలు బిగించుకుని ఒక పిడి పట్టుకుంటే చాలు, తాడే మనల్ని పైకి లాక్కుపోతుంది.

నా కుడిచేతికి పుట్టుకతోనే బొటనవేలు ఒక్కటే పూర్తిగా ఉంది. మిగతా నాలుగూ మొగ్గల్లా ఆగిపోయాయి. రెండు చేతులా పట్టుకోవాలి, అది రూలు అని అక్కడి కోచ్ నన్ను పక్కన కూర్చోబెట్టాడు. క్లాసు మొత్తం ఎక్కి దిగుతుంటే, వాళ్ళిచ్చిన కోటు జేబులో చెయ్యి దాచుకుని చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి, మంచు నాకు నచ్చలేదని చెప్పాను.

మా పెదనాన్న నమ్మలేదు. ఆయన షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో కార్ల సీట్లు కుట్టేవారు. శుక్రవారం సెలవు కాబట్టి భోజనానికి మా ఇంటికి వచ్చేవారు. ఎన్నేళ్ళున్నా ఆయన కడప మాట పోలేదు.

"నచ్చలేదా, వాళ్ళు వద్దన్యారా? నిజం చెప్పు మే."

ఏడుస్తూ చెప్పేశాను. "పోనీండి బావగారూ, పడితే మళ్ళీ అదో గొడవ" అంది అమ్మ. ఆయన సీటుకు కొలత తీసుకునేటప్పుడు చూసినట్టే నా చేతిని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ పిడి ఎంత లావుందో కాగితం మీద బొమ్మ గీయమన్నారు.

మరుసటి శుక్రవారం ఒక కొక్కెం తెచ్చారు. సుత్తి కర్రను చెక్కి, సీటుబెల్టు పట్టీకి కుట్టి, నా మణికట్టుకు సరిపోయేలా చేశారు. నన్ను కారిడార్‌లో అట్టముక్క మీద నిలబెట్టి, పిడికి బదులు తాడుకు చీపురుకర్ర కట్టి లాగారు. నాలుగడుగులకే పడ్డాను. కొక్కెం ఊడలేదు. గచ్చు మీద ఈడ్చుకుపోయి గడ్డం చీరుకుపోయింది. అమ్మ కేకలు వేసింది.

"తప్పు నాది" అని పెదనాన్న కొక్కెం తీసి చెత్తబుట్టలో పారేశారు. "పట్టుకునేది ఎవుడైనా చేస్తాడు. వదిలేది చేయాల."

ఇంకో వారానికి కొక్కెం వంపు లోతు తగ్గించి మరొకటి చేశారు. మణికట్టు కిందికి వంచితే పట్టుకునేది, తిప్పితే జారిపోయేది. ఈసారి కావాలనే పడమన్నారు. పడ్డ ప్రతిసారీ ఊడింది. అప్పుడుగానీ మాల్‌కు తీసుకెళ్ళలేదు.

అదే కోచ్ మళ్ళీ కాదన్నాడు. పెదనాన్న బతిమాలలేదు. "ముదీర్ కో బులావ్" అని, మేనేజరు వచ్చేదాకా కదలనన్నట్టు అక్కడే నిలబడ్డారు. మా వెనక వరస పెరిగిపోయింది. అందరూ నా చేతినే చూస్తున్నట్టు అనిపించి, "ఖలాస్ పెదనాన్నా, వెళ్ళిపోదాం" అన్నాను.

"యాటికి పోయేది? నువ్వింకా తాడే పట్టుకోలేదే" అన్నారు.

ముదీర్ వచ్చాడు. పెదనాన్న కొక్కెం తన చేతికే కట్టుకుని, కదులుతున్న పిడికి తగిలించి, నాలుగడుగులు నడిచి, మణికట్టు తిప్పారు. కొక్కెం జారిపోయింది. ముదీర్ తానూ కట్టుకుని చూశాడు. కాసేపు ఆలోచించి, ఒక్కసారికి సరే, కోచ్ పక్కనే ఉంటాడు అన్నాడు.

సగం దూరం వెళ్ళి పడ్డాను. కొక్కెం మెత్తగా వదిలేసింది. కోచ్ చెయ్యి అందించాడు కానీ నేను అందుకోలేదు. కిందికి జారి, లేచి, తిన్నగా వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడ్డాను.

"ఒక్కసారే అన్నారు కదా" అన్నాడు కోచ్ హిందీలో.

"ఇంకా పైకి చేరలేదు" అన్నాను.

పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం నాకు అదే మొదలు. అతను ముదీర్ వైపు చూశాడు. ముదీర్ తల ఊపాడు. ఈసారి తాడు నన్ను చివరిదాకా తీసుకెళ్ళింది. పైనుంచి చూస్తే కింద పెదనాన్న చలికి వణుకుతూ, రెండు చేతులూ ఎత్తి "యల్లా మే, యల్లా!" అని, పద పదమన్నట్టు అరుస్తున్నారు.

ఇప్పుడు నేనూ పెద్దదాన్నయ్యాను. కారు నడపబోయినప్పుడూ, ఉద్యోగానికి వెళ్ళినప్పుడూ నీకు వీలుకాదన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో కొందరు మంచివాళ్ళే, నా మేలు కోరే చెప్పారు. అయినా వాళ్ళ మాట మీద ఒక్కచోట నుంచి కూడా వెనక్కి తిరిగి రాలేదు. ముందు నేను పట్టుకోలేనన్న వస్తువును నా చేతికివ్వమంటాను. అది నాకు కుదరకపోతే, దాన్ని ఎక్కడ మార్చాలో చూస్తాను.