తెలిసి తీశాడా, తెలియక తీశాడా

బజారు మలుపులో తాళాలు బాగుచేసే ఆయన్ని పిన్నా పెద్దా అందరూ తాళాల మామ అనే పిలిచేవారు. మెట్ల కింద ఇరుకు కొట్టు, గోడ నిండా వేలాడే తాళంచెవులు, ఎదురుగా ఒక స్టూలు. ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్ళు తమ తాళంచెవి చేతికొచ్చాక కూడా లేవలేకపోయేవారు. మామకి చేతులకన్నా నోటికి పని ఎక్కువ. ఏ బీరువా తనని ఎలా ఏడిపించిందో మొదలుపెట్టాడంటే వినేవాడి తలప్రాణం తోకకొచ్చేది.

ఒకరోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన కూరల సంచీతో వచ్చాడు.

"తాళంచెవి లోపల మరిచిపోయి తలుపు లాగేశానండీ. మా ఆవిడ ఊళ్ళో లేదు. కాస్త తీసిపెడతారా?"

మామ వెళ్ళి చిటికెలో తీశాడు. పెద్దమనిషి ఫ్యాను వేసి, కూర్చోబెట్టి, టీ పెట్టాడు. "చక్కెర ఎక్కడ పెట్టి చచ్చిందో!" అని డబ్బాలన్నీ తడుముతుంటే, మామకి జాలేసి తనే లేచి వెతికిపెట్టాడు. వెళ్ళేటప్పుడు, "ఈ తాళం ఎందుకూ కొరగాదండీ, మార్పించుకోండి, దొంగల కాలం" అని హితవు కూడా చెప్పాడు.

ఆ వారంలోనే అసలు ఇంటివాళ్ళు ఊరినుంచి వచ్చారు. బీరువా ఖాళీ. తాగిన టీ కప్పులు రెండు తొట్టిలో అలాగే ఉన్నాయి. చక్కెర డబ్బా మీద మామ వేలిముద్రలు ముచ్చటగా దొరికాయి.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు, "ఆ తాళం తీసింది నువ్వేనా?" అన్నాడు. భయపడాల్సిన చోట మామకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"నేను కాక ఇంకెవడు తీస్తాడండీ అంత శుభ్రంగా? ఎక్కడైనా గీత పడిందేమో చూడండి!"

దొంగకి తోడ్పడ్డాడని కేసు పెట్టారు. పనిముట్ల సంచీ పట్టుకుపోయారు. బెయిలు మీద బయటికి రాగానే మామ భార్య ఆయన్ని రెక్కపట్టుకుని లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. జిరాక్స్ షాపు పైన చిన్న గది. కుర్చీల నిండా ఫైళ్ళే. లాయరమ్మ ఒక కట్ట తీసి మామనీ, ఇంకో కట్ట తీసి భార్యనీ కూర్చోబెట్టింది.

"బాబాయ్ గారూ, తలుపు తీయడం నేరం కాదు. దొంగకి తీస్తున్నానని తెలిసి తీయడం నేరం. మీకు తెలుసా లేదా, కేసంతా అక్కడే ఉంది."

"తెలియదని నేనే చెప్పేస్తా కదమ్మా, దాందేముంది!"

"ఆ చెప్పడమే వద్దంటున్నా. మీకు తెలుసని రుజువు చేయాల్సింది వాళ్ళు. తెలియదని నిరూపించుకునే బాధ్యత మీది కాదు. అడిగినదానికల్లా జవాబు చెప్పాలన్న రూలూ లేదు. మాట్లాడనంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు."

"ఆ రూలు మా పెళ్ళినాటికే తెలిసుంటే నా చెవులు బాగుండేవమ్మా" అంది మామ భార్య.

చిక్కల్లా పోలీసులు రాసుకున్న కాగితంతో వచ్చింది. పరాయి ఇల్లని తనకి తెలుసని మామ ఒప్పుకున్నట్టు అందులో ఉంది. మామ లబోదిబోమన్నాడు. "ఒట్టమ్మా, నేననలేదు!"

"ఇదివరకైతే వాళ్ళ కాగితానికీ మీ మాటకీ మధ్య తన్నులాట అయ్యేది. ఈమధ్యే రూలు మారింది. ప్రశ్నలు అడిగినంతసేపూ వీడియో తీయాలి. మనం అడిగితే ఇవ్వాలి."

"అంటే స్టేషన్‌లో ఆ మూల ఎర్రదీపం వెలిగేది అదా? దోమల మిషననుకున్నా!"

వీడియో దొరకడం లేదని పోలీసులు కొన్నాళ్ళు నాన్చారు. జడ్జిగారు కోప్పడ్డాక దొరికింది.

వాయిదా రోజున లాయరమ్మ వాళ్ళిద్దరినీ కోర్టు హాలు పక్క గదిలో కూర్చోబెట్టి, "ఇవాళ మీరు దేవుడు పలకరించినా పలకొద్దు" అని మళ్ళీ మళ్ళీ చెప్పి లేచింది. తలుపు లాగితే రాలేదు. గడియ లోపలెక్కడో ఇరుక్కుంది. మామ చేతులు దురద పెట్టాయి.

"ముట్టుకోకండి! తాళాల కేసులో ముద్దాయి కోర్టు తలుపు తీశాడంటే ఇంకేమైనా ఉందా?"

బయట బంట్రోతు ముద్దాయి పేరు కేకేశాడు. లాయరమ్మ తలుపు దబదబా బాదింది. రెండో కేక పడింది.

"సరే, తీయండి బాబాయ్ గారూ, తీసేయండి!"

మామ తన భార్య జడలోంచి పిన్ను లాగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చెమటలు కారాయిగానీ గడియ కదల్లేదు. "నా సామానంతా వాళ్ళ దగ్గరే సాక్ష్యంగా పడుంటే దేంతో తీయనే!" అని గొణిగాడు. చివరికి బయటినుంచి బంట్రోతు భుజం పెట్టి ఒక్క తోపు తోశాడు. తలుపు తెరుచుకుంది. ఎదురుగా ప్రభుత్వ లాయరు నిలబడి ఉన్నాడు.

"తాళాల మొనగాడు ఈయనేనా?" అని నవ్వాడు.

మామ నోరు తెరిచాడు. లాయరమ్మ ఆయన కాలు తొక్కింది. జీవితంలో మొదటిసారి ఆ నోరు మాట బయటికి రాకుండానే మూతపడింది.

హాల్లో వీడియో వేశారు. ఇన్‌స్పెక్టరు ఒక్క ప్రశ్న అడిగాడు, మామ అందుకున్నాడు. తాళాల జాతులు, వాటి గుణగణాలు, మధ్యలో బావమరిది పెళ్ళి. వెనక కానిస్టేబులు గోడకి చేరగిలి గురకపెడుతున్నాడు. ఇన్‌స్పెక్టరు ఆవలిస్తున్నాడు. చివరికి చక్కెర డబ్బా కథ వచ్చింది. "సొంతింట్లో చక్కెర ఎక్కడుందో తెలియదా అని అనుమానం రాలేదా?" అని వీడియోలో ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"మా ఇంట్లో చక్కెర ఎక్కడుంటుందో నాకు మాత్రం తెలుసటండీ?" అన్నాడు వీడియోలో మామ.

జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకునే నెపంతో నవ్వు దాచుకున్నారు. "పరాయి ఇల్లని తెలుసన్నమాట ఎక్కడుందండీ?" అని అడిగారు. "ముందుకెళితే వస్తుందండీ" అన్నాడు ప్రభుత్వ లాయరు.

"ఇంకా ఎంత మిగిలుంది?"

"సగం కూడా కాలేదండీ."

మిగతా సగం కూడా ఓపిక పట్టి విన్నారు జడ్జిగారు. ఆ మాట ఎక్కడా లేదు. కేసు కొట్టేశారు.

వరండాలో లాయరమ్మ మామని నిలదీసింది. "ఈసారి ఏదో గట్టెక్కాం. అన్ని మాటల్లో ఒక్కటి తేడాగా దొర్లుంటే లోపలుండేవారు. ఇంకెప్పుడైనా పిలిస్తే, నేనొచ్చేదాకా పెదవి విప్పకండి."

మామ బుద్ధిగా తలూపాడుగానీ ఆయన దిగులు వేరే. దారంతా మూగనోము పట్టినవాడిలా నడిచాడు. భార్యకి భయమేసింది. "గెలిచాం కదండీ, ఏమైంది?"

"ఏం గెలిచాంలే. అంతమంది ముందు తలుపు తీయలేకపోయాను."

పనిముట్లు తిరిగొచ్చిన రోజే కోర్టుకెళ్ళి ఆ గడియ ఊరికే బాగుచేసి వచ్చాడు. ఆ తర్వాత కొట్టులో తనూ ఒక రూలు పెట్టుకున్నాడు. పక్కింటివాళ్ళు వచ్చి "ఇది వీళ్ళిల్లే" అంటేగానీ ఎవరి తలుపూ తీయనన్నాడు. మొట్టమొదట చిక్కింది సొంత బావమరిదే. తాళంచెవి పారేసుకుని పిలుచుకెళితే, మామ గుమ్మం ముందు సంచీ దించి, "పక్కింటాయన్ని పిలువు" అన్నాడు.

"బావా! ఈ ఇంటి గృహప్రవేశానికి వచ్చి నువ్వు మూడుసార్లు వడ్డించుకున్నావు!"

"అది నిజమే. పక్కింటాయన్ని పిలువు."

పక్కింటాయన ఆఫీసుకెళ్ళాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఊరికే కూర్చోవడం ఎందుకని మామ వీడియో కథ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు.