ఖాళీ సీటు లెక్క

మోండా మార్కెట్‌లో గిన్నెల దుకాణం నడిపే హరికిషన్ సినిమా హాలు గడప తొక్కి ఆరేళ్ళయింది. అయినా దసరాకొచ్చే ప్రతి సినిమా జాతకం ఆయనే చెప్పాలి. ఎదురుగా గిరాకీ నిలబడ్డా పట్టించుకోడు. నోట్లు లెక్కపెట్టే అలవాటుకొద్దీ వేలు నాలుకతో తడుపుకొని ఫోను తెర జరుపుతూ, టికెట్ల యాప్‌లో ఖాళీ సీట్లు లెక్కిస్తాడు. "రెండో రోజుకే లేపేస్తరు" అని తీర్పిస్తాడు. ఈ పండక్కి భార్య కల్పలత రెండు టికెట్లు కొంటే, "ఫ్లాప్ సినిమాకు నేనెందుకు?" అని కదల్లేదు. ఆమె ఒక్కతే వెళ్ళొచ్చింది.

"హాలంత నిండింది. ఖాళీగున్నది నీ సీటొక్కటే" అంది.

హరికిషన్ తృప్తిగా తలూపాడు. పొద్దున్నే చాయ్ బండి దగ్గర అందరికీ చెప్పాడు: "హౌస్‌ఫుల్ అనేదంత ఉత్తదే. సీట్లు ఖాళీగనే ఉన్నయి. మా ఇంటామె కండ్లార చూసొచ్చింది."